నాలుక ఎంత స్పీడుగా ఆడితే సరిపోతుంది? క్లారినెట్ ప్రశ్నలూ జవాబులూ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే బెంగ, టంగింగ్ స్పీడ్. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచేసి ఈ నెల మొత్తం దీని మీదే రాస్తున్నా. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క మాట. రీడ్‌ని (నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌కి బిగించి, ఊదితే కంపించే పల్చటి రెల్లు ముక్కని) నాలుకతో తాకి వదుల్తూ ఒక్కో స్వరాన్ని విడిగా పలికించడం టంగింగ్. నాలుక కలగజేసుకోకుండా ఒకే ఊపిరిలో వేళ్ళు మాత్రం మారుస్తూ కలిపి వాయిస్తే అది స్లర్. మెట్రోనోమ్ నంబర్ అంటే నిమిషానికి ఎన్ని బీట్లు అని, మామూలుగా ఒక బీట్‌ని నాలుగు సమాన భాగాలు చేస్తే ఒక్కోటి సిక్స్‌టీన్త్ నోట్.

ప్రశ్న: సార్, ఆరేళ్ళుగా క్లారినెట్ నేర్చుకుంటున్నా. మెట్రోనోమ్ 108 దగ్గర పెట్టి బీట్‌కి నాలుగు చొప్పున సిక్స్‌టీన్త్ నోట్స్ టంగింగ్ చేస్తే బానే వస్తుంది, 112 దాటితే నాలుక బిగుసుకుపోయి ఆగిపోతుంది. నాతో పాటు నేర్చుకునే ఫ్రెండ్ 144లో హాయిగా వాయిస్తాడు. ఆర్కెస్ట్రా ఆడిషన్లకి వెళ్ళాలని ఉంది. నాలుక స్పీడ్ పుట్టుకతోనే రావాలని అంటున్నారు, నిజమేనా? నాకిక రాదా?

జవాబు: వస్తుంది. మీ ఫ్రెండ్ అంత రాకపోవచ్చు, మీకు కావాల్సినంత మాత్రం వస్తుంది, ఈ రెండూ వేరు వేరు విషయాలు.

ముందు లెక్క చూద్దాం. 108లో బీట్‌కి నాలుగంటే సెకనుకి 7.2 నోట్లు, 120లో 8, 132లో 8.8, 144లో 9.6. మామూలు మనిషిని త త త త అని ఎంత వేగంగా అనగలడో అనమంటే సెకనుకి 5 నుంచి 7 దాకా అంటాడు, అంటే మీరు ఇప్పటికే మాట్లాడే నాలుకని దాటి వచ్చేశారు. పుట్టుకతో కొంత తేడా ఉండే మాట నిజమే, కొందరికి ఏమీ చెయ్యకుండానే 140 వచ్చేస్తుంది, దాన్ని కాదనను. కానీ 108 దగ్గర ఆగిపోయినవాళ్ళలో చాలామంది అక్కడ ఆగింది నాలుక చేతకాక కాదు, ఊపిరి వల్లో వేళ్ళ వల్లో బిగుతు వల్లో, ఆ సంగతి కిందకి వచ్చాక చెప్తా.

ఇక ఎంత ముఖ్యం అనే దానికి. క్లారినెట్‌కి రాసిన గొప్ప సంగీతం అంతా ఒక్కసారి మనసులో వేసుకుని చూడండి. 1891లో రాసిన మోజార్ట్ కన్సర్టో ఉంది. దాని అసలు చేతిరాత ప్రతి పోయింది, ఇప్పుడు మనం వాడే పుస్తకాల్లో ఎక్కడ స్లర్ ఎక్కడ టంగింగ్ అన్న గుర్తులు చాలావరకు తర్వాతవాళ్ళు పెట్టినవే... ఆగండి, సంవత్సరం సరిగ్గా రాస్తా, మోజార్ట్‌ది 1791, 1891 బ్రామ్స్ క్వింటెట్‌ది, సరిగ్గా వందేళ్ళ తేడా. 

మోజార్ట్ గుర్తులు మనకి లేవు కాబట్టి అక్కడ వాయించేవాళ్ళే ఎంచుకోవాలి, రెండు స్లర్ రెండు టంగ్ చేసి అద్భుతంగా వాయించినవాళ్ళు ఉన్నారు. బ్రామ్స్ క్వింటెట్‌లో గానీ, 1894లో రాసిన రెండు సొనాటాల్లో గానీ మిమ్మల్ని నిలబెట్టేది పొడవైన ఊపిరి, స్వరానికి స్వరానికి మధ్య నడక, అంతేగానీ 144 కాదు. డెబుస్సీ రాప్సొడీలో మొదటి పేజీ వాయిస్తుంటే ఎవరికీ మీ నాలుక స్పీడ్ గుర్తుకే రాదు.

అయితే నాలుకే తేల్చే చోట్లు కూడా ఉన్నాయి, అవి ఆడిషన్లలో కావాలనే అడుగుతారు. మెండెల్సన్ 1842లో 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకానికి రాసిన సంగీతంలో స్కెర్ట్సో ఉంది కదా, మూడు ఎయిత్ నోట్ల బార్ (తాళంలో ఒక ఆవృత్తం లాంటిది), బార్‌కి ఒక బీట్ లెక్కన 84 చుట్టుపక్కల వాయిస్తారు. బార్‌కి ఆరు సిక్స్‌టీన్త్‌లు పడతాయి కాబట్టి సెకనుకి 8.4, అంటే మీ లెక్కలో 126. అదీ మెత్తగా, తేలిగ్గా, గుసగుసలాగా రావాలి. స్మెటనా 'బార్టర్డ్ బ్రైడ్' ఒవర్చర్ ఇంకోటి. బేథోవెన్ నాలుగో సింఫనీ చివరి భాగం ఇంకోటి, దానికి ఆయనే 1817లో పెట్టిన మెట్రోనోమ్ గుర్తు ప్రకారం హాఫ్ నోట్‌కి 80, అలా వాయిస్తే సెకనుకి పదిన్నర దాటుతుంది, అందుకే ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్లు చాలామంది కాస్త తగ్గించే తీసుకుంటారు.

కాబట్టి ఆర్కెస్ట్రా ఉద్యోగం కావాలంటే 126, 132 దాకా శుభ్రంగా రావాలి, ఇందులో మెత్తగా చెప్పేదేం లేదు. ఆ పైన వచ్చేదంతా లాభమే గానీ అవసరం కాదు. నా అభిప్రాయంలో తడబడే 136 కన్నా పూసగుచ్చినట్టు వచ్చే 124 చాలా మెరుగు, ఎందుకంటే ఆడిషన్‌లో తెర వెనక కూచుని వినే జడ్జీలకి మెట్రోనోమ్ నంబర్ కనపడదు, లయ తప్పడం మాత్రం వెంటనే వినపడుతుంది.

ఇప్పుడు మీ 108 సంగతి. కింద చెప్పిన పరీక్షలు ఇవాళే చెయ్యండి. ఎడమచేతి వేళ్ళేవీ మూయకుండా వచ్చే ఓపెన్ జీ ఒక్కటే పట్టుకుని బీట్‌కి నాలుగు చొప్పున నాలుగు బీట్లు టంగ్ చెయ్యండి, ఎంత దాకా వెళ్తారో రాసుకోండి. తర్వాత అదే ఒక స్కేల్ మీద చెయ్యండి. జీ మీద 124 వచ్చి స్కేల్ మీద 108 దగ్గర ఆగితే మీ నాలుకకి ఏ రోగమూ లేదు, అది వేళ్ళతో కలవట్లేదు అంతే. తర్వాత అదే స్కేల్‌ని 124లో పూర్తిగా స్లర్‌లో వాయించి రికార్డ్ చేసుకుని వినండి. గొంతు స్వరాలైన ఏ, బీ ఫ్లాట్ నుంచి పైనున్న బీ నేచురల్‌కి దాటే చోట గతుక్కుమంటే, అక్కడే టంగింగ్ కూడా కూలుతుంది. స్లర్‌లో నున్నగా రానిది టంగింగ్‌లో ఎప్పటికీ రాదు, ఇది మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోండి.

ఒకవేళ ఒక్క జీ మీద కూడా 108 దగ్గరే ఆగిపోతే అప్పుడు చూడాల్సింది ఊపిరి. చాలామంది ప్రతి నోటుకీ ఊపిరిని కూడా ఆపి మళ్ళీ తోస్తుంటారు, పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే తెలుస్తుంది, ప్రతి నోటుకీ చెయ్యి ఎగురుతుంటుంది. పొట్ట కండరాలు సెకనుకి ఎనిమిదిసార్లు ఆడలేవు, కాబట్టి అవి నాలుకని కూడా వెనక్కి లాగేస్తాయి. కుళాయిలోంచి ధార ఆగకుండా పడుతుంటే వేలితో దాన్ని తడుతూ పోయినట్టు ఉండాలి టంగింగ్, కుళాయి తిప్పుతూ కట్టేస్తూ ఉండటం కాదు. లాంగ్ టోన్ ఒకటి పట్టుకుని, అది ఇంకా మోగుతుండగానే నాలుక కొసని రీడ్ కొసకి తగిలీ తగలనట్టు తాకించండి, శబ్దం తెగకూడదు, ఒక చిన్న గాటు మాత్రమే పడాలి. ఆ గాటు ఎంత చిన్నదో అదే మీకు కావాల్సిన కదలిక.

ఇంకో పెద్ద అపోహ ఏంటంటే, స్పీడు పెరిగేకొద్దీ ప్రతి నోటునీ ఇంకా పొట్టిగా కొట్టాలని ప్రయత్నించడం. అక్కర్లేదండీ. 126లో సిక్స్‌టీన్త్ నోటు ఎలాగూ సెకనులో ఎనిమిదో వంతు కన్నా తక్కువ, అది పుట్టడమే పొట్టిగా పుడుతుంది. మీరు దాన్ని ఇంకా కోస్తే నాలుక ఒక్కో నోటుకి రెండు పనులు చెయ్యాలి, ఆపడమూ వదలడమూ. స్పీడులో వచ్చే నోటు తాకుడే పోయే నోటు ముగింపు. అందుకని స్పీడుగా వాయించేటప్పుడు మనసులో లెగాటో (స్వరాల మధ్య సందు లేని) టంగింగ్ అనుకుని వాయించండి, బయట వినేవాళ్ళకి అది చక్కటి స్టకాటోగానే, అంటే పొట్టిగా విడివిడిగానే వినపడుతుంది.

నెమ్మదిగా సాధన చేసేటప్పుడు మాత్రం ఇందుకు సరిగ్గా తిరగేసి చెయ్యాలి. ఫ్రెంచ్ పద్ధతిని అమెరికాలో నాటిన క్లారినెట్ గురువు డేనియెల్ బొనాడ్ (1896–1976) నేర్పిన సాధన ఇది. 60 దగ్గర పెట్టి ఒక పొట్టి నోటు వాయించి, నాలుక రీడ్ మీదే ఆపేసి, ఊపిరి ఒత్తిడి అలాగే ఉంచి, ఆ నిశ్శబ్దంలో వేళ్ళని తర్వాతి నోటు మీదకి టక్కున మార్చేసి, బీట్ వచ్చినప్పుడు నాలుక వదలడం, అంతే. వేళ్ళు ఎప్పుడూ నాలుక కన్నా ముందే ఇంటికి చేరాలి. విసుగ్గా అనిపిస్తుంది గానీ స్కేల్ మీద ఆగిపోయేవాళ్ళకి దీన్ని మించిన మందు నాకు కనపడలేదు.

స్పీడు పెంచడానికి చిన్న చిన్న విసుర్లు వాడండి. మీకు హాయిగా ఉన్న దానికన్నా పది పాయింట్లు పైన పెట్టి, అంటే 118లో, నాలుగు సిక్స్‌టీన్త్‌లు కొట్టి తర్వాతి బీట్ మీద ఒక నోటు పట్టి ఆగిపోండి. మొత్తం ఐదు నోట్లే, బిగుసుకునే టైమ్ కూడా ఉండదు. రెండు బీట్లు విశ్రాంతి, మళ్ళీ ఐదు. అది తేలిగ్గా అనిపించాకే ఎనిమిదీ ఒకటీ, తర్వాత పన్నెండూ ఒకటీ. నాలుక బిగుసుకోవడం మొదలైన క్షణంలో ఆపెయ్యాలి, పళ్ళు బిగబట్టి లాక్కెళ్తే మీరు సాధన చేస్తున్నది బిగుతునే. రోజూ పది నిమిషాలు చాలు, అదీ రెండు విడతలుగా. కొన్నాళ్ళ పాటు నంబర్ అస్సలు కదలదు, అప్పుడు వదిలేయకండి, కదిలేటప్పుడు ఒక్కసారిగా నాలుగైదు పాయింట్లు కదులుతుంది.

ప్రశ్న: ఇంగ్లిష్ పుస్తకంలో టు టు టు అనుకుంటూ టంగింగ్ చెయ్యమని ఉంది. అలా చేస్తుంటే నాలుక మొద్దులా అనిపిస్తోంది, శబ్దం కూడా గట్టిగా వస్తోంది. ఏ అక్షరం అనుకోవాలి?

జవాబు: చాలా మంచి ప్రశ్న, దీని గురించి మనవాళ్ళకి ఎవరూ సరిగ్గా చెప్పరు. మన ట పలికేటప్పుడు నాలుక కొస వెనక్కి మడత పడి అంగిట్లో తగులుతుంది, ఒకసారి అద్దం ముందు అని చూడండి. ఇంగ్లిష్‌వాళ్ళ అక్షరం పళ్ళ చిగుళ్ళ దగ్గర తగులుతుంది, మనది దానికన్నా బాగా వెనక. క్లారినెట్ రీడ్ కొస ఉండేదేమో ముందు, పళ్ళకి కాస్త లోపల. అంటే ట అనుకుంటూ వాయించేవాడి నాలుక ప్రతి నోటుకీ వెనక్కి మడతపడి మళ్ళీ అంత దూరం ముందుకి రావాలి, మొద్దుగా అనిపించక ఏమవుతుంది!

మన త, ద రెండూ పళ్ళ దగ్గర పలికేవి, నాలుక కొస ముందే ఉంటుంది, అందుకని అవి మనకి పనికొస్తాయి. అందులో కూడా త కన్నా ద మెత్తన, గట్టిగా కొట్టే అలవాటు ఉన్నవాళ్ళు ద అనుకోవడమే మంచిది. ఇక అచ్చు. దా అంటే నాలుక కింద పడుకుంటుంది, దూ అంటే వెనక భాగం మాత్రమే లేస్తుంది, దీ అంటే నాలుక ముందు భాగం ఎత్తుగా లేచి కొస రీడ్‌కి దగ్గరగా నిలబడుతుంది. స్పీడుకి కావాల్సింది ఆ దగ్గరతనమే, ఆ ఎత్తువల్ల పై స్వరాలు కూడా స్థిరంగా నిలబడతాయి. కాబట్టి దీ దీ దీ దీ. వాద్యం లేకుండా ఊరికే నడుస్తూ కూడా అనుకోవచ్చు, కాకపోతే దవడ కదలకూడదు, గడ్డం మీద వేలు పెట్టుకుని చూసుకోండి.

ఎక్కడ తాకాలంటే, నాలుక కొసకి కాస్త పైన, రీడ్ కొసకి కాస్త కింద. అంత చిన్న తాకుడు సరిపోతుందా అని సందేహపడేవాళ్ళకి రెండు కొలతలు చెప్తా. రీడ్ కొస మందం మిల్లీమీటర్‌లో దాదాపు పదో వంతు. రీడ్‌కీ మౌత్‌పీస్ కొసకీ మధ్య సందు మిల్లీమీటర్‌కి అటూ ఇటూ. అంత పల్చటి దాన్ని అంత చిన్న సందులో ఆపడానికి బలం దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి రెండేళ్ళుగా నేర్చుకుంటోందండీ. స్పీడుగా వాయించేటప్పుడు ప్రతి స్వరం ముందూ టప్ టప్ అని శబ్దం వస్తోంది. రీడ్ మార్చాలా, ఇంకా గట్టి రీడ్ వాడితే స్పీడ్ వస్తుందని ఒకరు చెప్పారు.

జవాబు: దయచేసి గట్టి రీడ్ ఇప్పుడే వద్దండీ. గట్టి రీడ్ కదలడానికి ఎక్కువ ఊపిరి కావాలి, పాప దవడ బిగిస్తుంది, దవడ బిగిస్తే నాలుక కూడా బిగుస్తుంది, మీరు కోరుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. టంగింగ్ చప్పున స్పందించాలంటే రీడ్ మెత్తగా ఊదినా వెంటనే పలకాలి. ఇప్పుడున్న రీడ్ మీద పాప చాలా మెల్లగా ఊది, నాలుక వాడకుండా, హూ అని ఊపిరితోనే నోటు మొదలుపెట్టగలుగుతోందా చూడండి. గాలి సుయ్యిమని పోయి తర్వాత శబ్దం వస్తుంటే రీడ్ గట్టిదన్నా అయ్యుండాలి, పాతబడన్నా ఉండాలి, లేదా ఎక్కడో రంధ్రాన్ని మూసే ప్యాడ్ సరిగ్గా మూసుకోక గాలి కారుతూ ఉండాలి. ప్యాడ్ సంగతి రిపేర్ చేసేవాళ్ళకి ఒకసారి చూపించండి, పిల్లలు దాని వల్ల అనవసరంగా ఎంతో కష్టపడుతుంటారు.

టప్ అనే శబ్దం మాత్రం రీడ్ వల్ల కాదు. నాలుక వెడల్పుగా రీడ్‌కి అతుక్కుని విడిపోతున్నప్పుడు వస్తుంది. పాప చేత కొన్నాళ్ళు స్పీడ్ మాన్పించి, లాంగ్ టోన్ మధ్యలో మెల్లగా తాకే సాధన ఒక్కటే చేయించండి, పైన మొదటి జవాబులో రాశాను. ఇంత చిన్న వయసులో మెట్రోనోమ్ నంబర్ గురించి పాపతో అస్సలు మాట్లాడకండి. మంచి ధ్వని, సరైన లయ, చదవడం, ఇవి కుదురుకునే వయసు ఇది.

ప్రశ్న: నా వయసు 58. రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డాక చిన్ననాటి క్లారినెట్ మళ్ళీ తీశాను. నాలుక 92 దాటట్లేదు. ఈ వయసులో పెరుగుతుందా, లేక ఊరికే శ్రమా?

జవాబు: పెరుగుతుందండీ, నెమ్మదిగా. మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళలో మొదట్లో కనపడేది వయసు కాదు, అలవాటు తప్పిన పెదాలు. పెదాలు అలిసిపోగానే మౌత్‌పీస్‌ని కొరికి పట్టుకుంటారు, దాంతో నాలుక ఆడే చోటే ఉండదు. కాబట్టి టంగింగ్ సాధన వాద్యం తీసిన మొదటి పావుగంటలోనే పెట్టుకోండి, చివర్లో కాదు. చిన్న విసుర్ల పద్ధతి మీకూ పనికొస్తుంది, 96తో మొదలుపెట్టండి.

అయితే మీరు వాయించాలనుకునే సంగీతం ఏంటో నాకు రాయలేదు. బ్రామ్స్ సొనాటాలు మీకు ఇష్టమైతే 92 ఉన్న నాలుకతో కూడా వాటి దగ్గరకి ధైర్యంగా వెళ్ళొచ్చు. ఆ రెండూ ఆయన సంగీతం రాయడం మానేద్దామనుకున్నాక రిచర్డ్ మ్యూల్‌ఫెల్డ్ అనే క్లారినెట్ కళాకారుడి వాయిద్యం విని మళ్ళీ కలం పట్టి రాసినవాటిల్లోవి. ఆయన మనసు మార్చింది మ్యూల్‌ఫెల్డ్ ధ్వని, పలికించే తీరు. మీ గంటలో ఎక్కువ భాగం వాటికే ఇవ్వండి.

ప్రశ్న: డబుల్ టంగింగ్ నేర్చుకుంటే ఈ గొడవే ఉండదు కదా? ఫ్లూట్, ట్రంపెట్ వాయించే మా ఫ్రెండ్స్ అందరూ చేస్తారు. క్లారినెట్‌లో ఎందుకు ఎవరూ నేర్పరు?

జవాబు: డబుల్ టంగింగ్ అంటే తకతకతక. త నాలుక కొసతో, క నాలుక వెనక భాగంతో, రెండూ వంతులు మార్చుకుంటే స్పీడ్ దాదాపు రెట్టింపు. నోటితో తకతక అనడం మనకి చిన్నప్పటినుంచీ అలవాటే కాబట్టి సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది, క్లారినెట్ నోట్లో పెట్టుకున్నాక అసలు సంగతి తెలుస్తుంది.

ఫ్లూట్‌లో, ట్రంపెట్‌లో నోట్లోపల ఏమీ ఉండదు, నాలుకకి చోటంతా ఖాళీ. క్లారినెట్‌లో మౌత్‌పీస్ నోట్లోపలికి వచ్చి కూచుంటుంది. త దగ్గర నాలుక రీడ్‌ని తాకుతుంది, కానీ క దగ్గర రీడ్ దాకా వెళ్ళనే వెళ్ళదు, వెనక గొంతు దగ్గర గాలినే మూసేస్తుంది. అంటే ఒక నోటు రీడ్ ఆపి వదిలితే వచ్చింది, తర్వాతి నోటు గాలి ఆపి వదిలితే వచ్చింది, రెండూ ఒకేలా వినపడాలంటే ఎంతో సాధన కావాలి. పైగా నాలుక వెనక భాగం కదిలినప్పుడల్లా నోట్లోపల ఆకారం మారుతుంది, కింది స్వరాలకి అది పెద్దగా పట్టదు గానీ పై స్వరాలు దానికి వెంటనే చెదురుతాయి, శ్రుతి జారుతుంది, లేదా కీచుమంటుంది. అందుకే చాలామంది టీచర్లు దాని జోలికి పోరు.

అలాగని అసాధ్యం కాదు. అమెరికాలో రాబర్ట్ స్ప్రింగ్ లాంటివాళ్ళు క్లారినెట్‌లో డబుల్ టంగింగ్‌ని మామూలు టెక్నిక్‌గా వాయించి, నేర్పి చూపించారు. నేర్చుకోవాలంటే ముందు త వదిలేసి క ఒక్కటే పట్టుకోండి, అదీ కా కాదు, కీ, నాలుక ముందుకి జరిగి ఉండేలా. కింది రిజిస్టర్‌లో ఒకే నోటు మీద కీ కీ కీ అని 60లో బీట్‌కి రెండు, అది దీ అన్నంత శుభ్రంగా మొదలయ్యే దాకా. తర్వాత దీకీ దీకీ. మిడిల్ సీ పైకి వెళ్ళడానికి తొందర వద్దు.

నా మాటగా చెప్పాలంటే, సింగిల్ టంగింగ్ 120లో సమంగా వచ్చాకే దీన్ని ముట్టుకోండి. 100 దగ్గర తడబడుతున్నవాళ్ళు డబుల్ టంగింగ్‌లోకి పారిపోతే ఆ తడబాటు అక్కడికీ వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది, సింగిల్ 112 దగ్గర ఆగిపోయి డబుల్ 130 కన్నా తక్కువలో కుదరకపోతే మధ్యలో ఒక ఖాళీ మిగిలిపోతుంది, సంగీతంలో సగం సరిగ్గా ఆ ఖాళీలోనే ఉంటుంది. కాబట్టి డబుల్‌ని నెమ్మదిగా కూడా వాయించడం నేర్చుకోవాలి.

ప్రశ్న: మా కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో సెకండ్ క్లారినెట్ వాయిస్తాను. కొత్త కండక్టర్ గారు అన్నీ చాలా స్పీడుగా తీసుకుంటారు. ఒక చోట 152 దగ్గర వరసగా రెండు బార్లు స్టకాటో సిక్స్‌టీన్త్‌లు ఉన్నాయి, నాకు 126 మించి రాదు. అక్కడ రెండేసి స్లర్ చేసేస్తున్నా. ఇది మోసమా? చెప్పేస్తే తీసేస్తారేమోనని భయంగా ఉంది.

జవాబు: మోసం కాదండీ, అందరూ చేసే సర్దుబాటే, కాకపోతే ఎలా చెయ్యాలో తెలిసి చెయ్యాలి.

152లో బీట్‌కి నాలుగంటే సెకనుకి పది దాటుతాయి, అది సింగిల్ టంగింగ్‌లో కొద్దిమందికే వస్తుంది. మొదటి రెండూ స్లర్ చేసి మిగతా రెండూ టంగ్ చేస్తే నాలుక నాలుగు దెబ్బలకి బదులు మూడే వేస్తుంది, సెకనుకి 7.6. అంతకన్నా ముఖ్యం, ప్రతి బీట్‌లో స్లర్ దగ్గర నాలుకకి ఒక చిన్న ఊపిరి దొరుకుతుంది, అలుపు పేరుకోదు. వినేవాళ్ళకి కూడా ఇది స్టకాటోకి చాలా దగ్గరగా వినపడుతుంది, మీరు చేస్తున్న రెండేసి రెండేసి స్లర్ కన్నా ఎంతో మెరుగు. అందులో ఒక కిటుకు ఉంది, స్లర్‌లో రెండో నోటుని కాస్త పొట్టిగా వదిలెయ్యాలి, అప్పుడు నాలుగూ విడిగా కొట్టినట్టే అనిపిస్తాయి.

ఇంకో దారి, మీరూ ఫస్ట్ క్లారినెట్ వాయించే ఆయనా పంచుకోవడం. ఆయన ఒక బీట్ వాయించి తర్వాతి బీట్ మొదటి నోటు మీద ఆగితే అదే నోటు మీద మీరు అందుకోవడం, అలా ఒకరి తర్వాత ఒకరు. ఇద్దరూ ఒకే స్వరాలు వాయించే చోట మాత్రమే కుదురుతుంది, ఇద్దరూ వేరే స్వరాల్లో ఉంటే కుదరదు.

ఏది చేసినా ముందు ఫస్ట్ క్లారినెట్ ఆయనకి చెప్పండి. ఆయన పూర్తిగా టంగ్ చేస్తూ మీరు పక్కన స్లర్ చేస్తుంటే ఆ తేడా ఆయనకి ఎప్పుడో తెలిసే ఉంటుంది. అందరూ వాయించే గట్టి చోట అయితే మీ స్లర్ ఎవరికీ వినపడదు, ఫ్లూట్‌వాళ్ళు డబుల్ టంగింగ్‌లో ఎలాగూ ఆ చురుకు అందిస్తారు. అదే అందరూ ఆగిపోయి క్లారినెట్ ఒక్కటే మిగిలే చోటైతే కండక్టర్ గారిని అడగడంలో తప్పేం లేదు, ఈ నంబర్ దగ్గర ఇది ఇలా వస్తుంది, ఆ నంబర్ దగ్గర రాసినట్టు వస్తుంది, మీకేది కావాలండీ అని. మంచి కండక్టర్‌కి ఇది తెలుసుకోవాల్సిన విషయం. వయొలిన్‌వాళ్ళు విల్లు ఎటు లాగాలో మార్చుకోవట్లేదా, ఎవరూ దాన్ని మోసం అనరు కదా.

కానీ ఒకటి. 126లో ఉన్న చోట్ల కూడా అలవాటుగా స్లర్ చేసెయ్యకండి. వచ్చే చోట రాసినట్టు వాయించాలి, స్టకాటో చుక్కలు పెట్టిన మనిషి ఆ శబ్దం వినే పెట్టాడు.

ప్రశ్న: నాలుక కొస కింది పళ్ళకి ఆనించి, మధ్య భాగంతో రీడ్‌ని తాకుతానని ఈమధ్యే గమనించాను. అది తప్పని, మార్చుకోకపోతే స్పీడ్ రాదని చదివాను. పన్నెండేళ్ళ అలవాటు, మార్చాలా?

జవాబు: దాన్ని యాంకర్ టంగింగ్ అంటారు. నాలుక పొడవుగా ఉన్నవాళ్ళకి చాలామందికి సహజంగా అదే వస్తుంది, అలా వాయిస్తూ మంచి స్పీడ్ ఉన్నవాళ్ళూ ఉన్నారు. మీ టంగింగ్ మెత్తగా, టప్ శబ్దం లేకుండా, 120 దాకా సమంగా వస్తుంటే దాన్ని కదపకండి. శబ్దం బరువుగా వస్తూ 100 దగ్గర ఆగిపోతుంటే మాత్రం మార్చి చూడండి, కానీ కచేరీ గానీ ఆడిషన్ గానీ దగ్గర్లో లేని కాలంలో మొదలుపెట్టండి, ఎందుకంటే కొత్త చోట కుదురుకునే దాకా పాతదీ సరిగ్గా రాదు, కొత్తదీ సరిగ్గా రాదు. రోజూ మొదటి ఐదు నిమిషాలు కొసతో దీ దీ అని ఒకే నోటు మీద, మిగతా టైమ్ అంతా మీ అలవాటు ప్రకారమే వాయించుకోండి. కొత్తది 80లో పాతదానికన్నా శుభ్రంగా వినపడటం మొదలైతే అప్పుడు స్కేళ్ళకి తీసుకెళ్ళండి, వినపడకపోతే పాతదాన్నే ఉంచుకోండి.